ఒక్క మిల్లీమీటరు తేడా: పాత లెన్సు కొత్త కెమెరాకి ఎప్పుడు కుదురుతుంది, ఎప్పుడు కుదరదు

మా మావయ్యకి కాకినాడలో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకి యాషికా మ్యాట్ వాడేవాడు, సొంత సరదాకి సోవియట్ కాలపు జెనిట్ కెమెరా ఒకటి ఉంచుకున్నాడు. స్టూడియో మూసేశాక ఆ జెనిట్ తోలు సంచీతో సహా బీరువాలో చీరల అడుగున చాలా ఏళ్లు పడి ఉంది. ఒకసారి సంక్రాంతికి వెళ్లినప్పుడు దాని లెన్సు విప్పి నా డిజిటల్ నికాన్‌కి తగిలిద్దామని బుద్ధి పుట్టింది. ఆన్‌లైన్‌లో చవకగా ఒక అడాప్టర్ రింగు తెప్పించాను. లెన్సు మర తిరిగి చక్కగా కూర్చుంది. వాకిట్లో పీట మీద కూర్చున్న అత్తయ్య మొహం మీద ఫోకస్ చేస్తే ముక్కుపుడక రాయి కూడా కనిపించింది. మేడ ఎక్కి వీధి చివర నీళ్ల ట్యాంకు మీద పెడితే మాత్రం రింగు ఎంత తిప్పినా మసకే.

"అడాప్టర్ బాలేదేమోరా" అన్నాడు మావయ్య. నేనూ అదే అనుకుని ఇంకాస్త ఖరీదైనది తెప్పించాను. అదీ అంతే. తీరా చూస్తే అడాప్టర్లది ఏ తప్పూ లేదు. ముందు లెక్క చూసుకోకపోవడం నాదే తప్పు. ఆ లెక్క మొత్తం ఒక్క మిల్లీమీటరుది.

పాత లెన్సుల మోజులో పడిన వాళ్లందరూ మొదట తట్టుకుని పడే రాయి ఇదే. ఏ లెన్సు దేనికి పడుతుంది, ఏది పట్టినా పనిచేయదు అన్నది పెద్ద బ్రహ్మవిద్యలా కనిపిస్తుంది. చిన్నప్పటి భూతద్దంతో మొదలుపెడితే విడిపోతుంది.

ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చిన వాళ్లకి తెలుసు. అద్దాన్ని కాగితానికి ఒకే ఒక్క దూరంలో పట్టుకుంటేనే వెలుగు చుక్కలా పోగవుతుంది. స్కూల్లో నాభ్యంతరం అని చదువుకున్నది ఈ దూరాన్నే. అదే అద్దంతో గదిలో దగ్గరగా ఉన్న బల్బు బొమ్మని గోడ మీద పడేలా చేయాలంటే, అద్దాన్ని గోడకి ఇంకొంచెం దూరంగా జరపాలి. అంటే వస్తువు దగ్గరైన కొద్దీ బొమ్మ వెనక్కి వెళ్తుంది. కెమెరాలో వెనకున్న ఫిల్మ్ కదలదు కాబట్టి లెన్సే ముందుకి జరగాలి. ఫోకస్ రింగు తిప్పితే జరిగేది ఇంతే, మరచుట్టు మీద గాజులు ముందుకీ వెనక్కీ జరుగుతాయి. చంద్రుడిలాంటి దూరపు వస్తువుకి లెన్సు ఫిల్మ్‌కి అతి దగ్గరగా ఉండాలి. రింగు మీద అడ్డంగా పడుకున్న 8 ఆకారంలో ఉండే అనంతం గుర్తు ఆ చోటుదే.

మరి "అతి దగ్గరగా" అంటే ఎంత? అది కెమెరా తయారుచేసిన వాళ్లు నిర్ణయిస్తారు. లెన్సు వచ్చి ఆనుకునే లోహపు అంచు నుంచి ఫిల్మ్ దాకా, డిజిటల్ కెమెరాలో అయితే ఫిల్మ్ చోట ఉండే సెన్సర్ దాకా, ఉన్న దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. లెన్సు కెమెరాకి బిగుసుకునే అమరికని మౌంటు అంటారు. ప్రతి మౌంటుకీ ఒక అంకె ఉంటుంది, లెన్సుని ఆ అంకెకి సరిగ్గా కోసి పెడతారు. జెనిట్ లెన్సుది ఎం42 అనే మర మౌంటు, దాని దూరం 45.46 మి.మీ. నికాన్ ఎఫ్ మౌంటుది 46.5. అంటే నా కెమెరా మీద ఆ లెన్సు ఎప్పుడూ కనీసం 1.04 మి.మీ. ముందుకి పొడుచుకుని ఉంటుంది. దాన్ని వెనక్కి నెట్టే దారి లేదు, లోహం అడ్డం. 58 మి.మీ. నాభ్యంతరం ఉన్న ఆ లెన్సు అంత ముందుకి ఉంటే మూడు మీటర్ల చిల్లర దాటినవి ఏవీ ఫోకస్‌లోకి రావు. అడాప్టర్ తన మందం ఇంకాస్త కలిపితే ఆ దూరం కూడా తగ్గుతుంది. వాకిట్లో అత్తయ్య ఆ మూడు మీటర్ల లోపల ఉంది. నీళ్ల ట్యాంకు లేదు.

ఇదే తిరగేస్తే సుఖం. లెన్సుది పెద్ద అంకె, కెమెరాది చిన్న అంకె అయితే మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మందంతో ఒక బోలు గొట్టం పెడితే చాలు. అందులో గాజు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కానన్ ఈఎఫ్ మౌంటు దూరం 44 మి.మీ. కాబట్టి ఎం42 లెన్సుకి 1.46 మి.మీ. చోటు మిగిలేది, పల్చటి రింగు పట్టేది. అందుకే ఒకప్పుడు పాత లెన్సుల పిచ్చోళ్లు ఎక్కువగా కానన్ డిజిటల్ కెమెరాలు పట్టుకు తిరిగేవాళ్లు. విచిత్రం ఏమిటంటే, కానన్ వాళ్ల సొంత పాత లెన్సులు మాత్రం వాటికి కుదరవు. ఎఫ్‌డీ మౌంటుది 42 మి.మీ., అంటే 2 మి.మీ. తక్కువ. 50 మి.మీ. ఎఫ్‌డీ లెన్సు అలా పెడితే 1.3 మీటర్లు దాటాక అంతా పొగమంచే.

లోపల చిన్న గాజు పెట్టి ఈ తేడా సరిచేస్తామనే అడాప్టర్లు కూడా దొరుకుతాయి. నా సలహా, కొనకండి. జాగ్రత్తగా లెక్కకట్టి చేసిన లెన్సు వెనక చవక గాజు ముక్క పెట్టడమంటే చిక్కటి డికాషన్‌లో కొళాయి నీళ్లు కలపడమే.

ఇంతకీ ఈ అంకెలన్నీ 40కీ 47కీ మధ్యే ఎందుకు తిరుగుతాయి? అద్దం వల్ల. లెన్సులోంచి వచ్చే బొమ్మని కంటికి చూపించే ఎస్సెల్లార్ కెమెరాలో ఫిల్మ్ ముందు ఒక అద్దం ఏటవాలుగా ఉంటుంది. మీట నొక్కగానే అది పైకి లేవాలి. అది తిరిగే చోటు కోసమే లెన్సుని అంత ముందుకి జరిపారు. పెంటాక్స్ కె 45.46, ఒలింపస్ ఓఎం 46, మినోల్టా 43.5, అన్నీ ఆ కుటుంబమే. అద్దం లేని పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలకి ఈ ఖర్మ లేదు, లైకా మర మౌంటుది 28.8 మి.మీ. మాత్రమే. డిజిటల్‌లో అద్దం పీకేసిన మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక దూరం ఇంకా కుంచించుకుపోయింది. సోనీ ఈ 18, నికాన్ జడ్ 16, కానన్ ఆర్‌ఎఫ్ 20. వీటి ముందు పాత ఎస్సెల్లార్ లెన్సు ఏది పెట్టినా రెండు సెంటీమీటర్లకి పైగా చోటు మిగులుతుంది. 2008లో పానసోనిక్ జీ1, 2013లో ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌తో, అంటే పాత రీలు ఫ్రేమంత సెన్సర్‌తో, సోనీ ఏ7 వచ్చాక, బీరువాల్లో పడి ఉన్న లెన్సులకి మళ్లీ రోజులొచ్చాయి. పాత వస్తువుల మీద బెంగ, రెట్రో ఫ్యాషన్ అని ఎన్ని కారణాలైనా చెప్పుకోవచ్చు. నా లెక్కలో అసలు కారణం ఆ ఖాళీ చోటే.

ఆ లెన్సులు బీరువాలోకి ఎలా చేరాయన్నది ఇంకో కథ. 1985లో మినోల్టా 7000 వచ్చి, ఆటోఫోకస్‌ని కెమెరా శరీరంలోనే పెట్టి అమ్మి చూపించింది. మిగతా వాళ్లు ఉలిక్కిపడ్డారు. 1987లో కానన్ ఈఎఫ్ మౌంటుతో ఈఓఎస్ కెమెరాలు తెచ్చి ఎఫ్‌డీ మౌంటుని ఉన్నపళంగా వదిలేసింది. డబ్బు పోసి ఎఫ్‌డీ లెన్సులు కొనుక్కున్న వాళ్లు తిట్టుకున్నారు, అందులో న్యాయముంది. నికాన్ మాత్రం 1959 నాటి మౌంటునే పట్టుకుని వేలాడింది. దానికీ తిరకాసు ఉంది. లెన్సులో వెలుగు దూరే కన్నాన్ని అపర్చర్ అంటారు, అది ఎంత ఉందో కెమెరాకి చెప్పే పద్ధతిని 1977లో మార్చారు. అంతకు ముందు లెన్సుని ఆ తర్వాతి కొన్ని కెమెరాల్లో బలవంతంగా తిప్పితే లోపలి చిన్న మీట విరుగుతుంది. పేరు ఒకటే, ఆకారం ఒకటే అని ధైర్యం చేయకండి.

మర మౌంట్లలో ఇంకో ఉచ్చు ఉంది. తొలి జెనిట్‌ల మర వ్యాసం 39 మి.మీ., లైకాదీ 39 మి.మీ. ఒకదానికొకటి హాయిగా బిగుసుకుంటాయి. దూరాలు మాత్రం 45 చిల్లర ఒకటి, 28.8 ఒకటి. బిగిసింది కదా అని బొమ్మ వస్తుందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇక మావయ్య లెన్సు సంగతి. దాని మీద హీలియోస్ 44-2, 58 మి.మీ., ఎఫ్/2 అని ఉంటుంది. మాస్కో దగ్గర క్రాస్నొగార్స్క్ కర్మాగారంలో పుట్టిన డిజైను, తర్వాత మిన్స్క్‌లోనూ ఇతర చోట్లా కూడా చేశారు. లక్షల్లో తయారైంది కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది. నిజానికి ఇది రష్యా బుర్రలో పుట్టింది కాదు. జర్మనీలో యేనాలోని కార్ల్ జైస్ కంపెనీలో విల్లీ మెర్టే గీసిన బయోటార్ 58 దీనికి తాత. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మన్ డిజైన్లు, యంత్రాలు సోవియట్ చేతికి వచ్చాయి, అలా బయోటార్ హీలియోస్ అయింది. అది బిగుసుకునే ఎం42 మర కూడా జర్మన్ సరుకే, 1949లో డ్రెస్డెన్‌లో తయారైన కాంటాక్స్ ఎస్, ప్రాక్టికాలతో బజార్లోకి వచ్చింది. జపాన్ వాళ్ల పెంటాక్స్ అదే మరని వాడి అంతటా పాకించింది కాబట్టి చాలామంది దాన్ని పెంటాక్స్ మర అంటారు. అసలు తల్లిదండ్రుల పేరు మరుగునపడింది.

హీలియోస్‌కి ఇంత పేరు రావడానికి కారణం సుడి. మనిషి మధ్యలో స్పష్టంగా ఉంటాడు, వెనక ఆకులన్నీ చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. దీని గురించి ఆత్మ అనీ, మ్యాజిక్ అనీ చాలా కవిత్వం నడుస్తోంది. విప్పి చూస్తే రెండు లోపాలు. ఒకటి, ఫ్రేము అంచు నుంచి ఏటవాలుగా వచ్చే వెలుగుకి లెన్సు గొట్టమే కొంత అడ్డం పడుతుంది. రెండు గాజుల చుట్టూ ఉన్న ఇనుప అంచుల్లోంచి ఓరగా చూసినట్టు, గుండ్రటి కన్నం బాదం గింజలా కనిపిస్తుంది. మధ్యలో గుండ్రంగా ఉన్న వెలుగు చుక్కలు అంచుకి వెళ్లే కొద్దీ బాదం గింజలై, మధ్య బిందువు చుట్టూ వరసగా పేర్చినట్టు నిలబడతాయి. రెండు, లెన్సు అంచుల్లో బొమ్మని చదునుగా నిలబెట్టలేదు. అది వంగి, చుక్కలని చుట్టుతోవలోనే ఇంకా సాగదీస్తుంది. రెండూ కలిసి కంటికి తిరుగుడులా అనిపిస్తాయి.

ఇది తెలిస్తే సుడి ఎప్పుడొస్తుందో, ఎందుకు రావట్లేదో కూడా తెలుస్తుంది. అపర్చర్ పూర్తిగా తెరిచి ఉండాలి, ఎఫ్/4కి మూస్తే చాలావరకు మాయం (ఎఫ్ పక్క అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది). మనిషి రెండు మీటర్ల దగ్గర, వెనక వేప చెట్టు ఎనిమిది పది మీటర్ల దూరంలో, ఆకుల సందుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడుతూ ఉండాలి. నున్నటి గోడ ముందు నిలబెట్టి "సుడి రాలేదు" అంటే రాదు. చిన్న సెన్సర్ కెమెరాలో పెట్టినా సరిగ్గా రాదు, ఎందుకంటే సెన్సర్ కత్తిరించి పారేసేది అంచులనే, సుడి ఉండేదీ అంచుల్లోనే.

మిగతా "క్యారెక్టర్" కథలు కూడా ఇలాంటివే. గోర్లిట్జ్‌లోని మాయర్ కంపెనీ ట్రయోప్లాన్ 100 మి.మీ. లెన్సు వెనక వెలుగులని సబ్బు బుడగల్లా చూపిస్తుంది. మూడే గాజులతో చేసిన ఆ లెన్సులో అంచు కిరణాలు ఒకచోట, మధ్య కిరణాలు ఒకచోట కలుస్తాయి, దాన్ని సరిచేయబోయి కాస్త ఎక్కువ సరిచేశారు. దాంతో చుక్క నడుమ పలచబడి అంచు మెరుస్తుంది. పాత ఫొటోల పాల తెలుపు మెరుపుకి కారణం పూత లేకపోవడం. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా నూటికి నాలుగు వంతుల వెలుగుని వెనక్కి కొడుతుంది. బయోటార్ రకం లెన్సులో గాలిని తాకే ముఖాలు ఎనిమిది. లెక్కేస్తే నూటికి 28 వంతులు దారి తప్పినట్టే. అందులో కొంత లోపలే తిరిగి తిరిగి ఫిల్మ్ మీద పొగలా పరుచుకుంటుంది. 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మకూలా పూత పద్ధతి కనిపెట్టింది దీనికి మందుగానే. 1971 నుంచి పెంటాక్స్ పొరల మీద పొరలు వేసి అమ్మింది. లోపాలు అన్నానని చిన్నచూపు అనుకోకండి. నాకు ఆ సుడి ఇష్టం, నెలకి రెండుసార్లయినా తీస్తాను. లెన్సుకి ఆత్మ ఉందని చెప్పి మూడింతల ధర వేసే వాళ్లతోనే నా గొడవ.

కొన్ని పాత లెన్సులు టీ రంగులో పసుపుగా కనిపిస్తాయి. పెంటాక్స్ వాళ్ల ఏడు గాజుల సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 అందులో ప్రసిద్ధి. వెలుగుని బాగా వంచాలి, రంగులు మాత్రం విడదీయకూడదు అన్న కోరిక కోసం గాజులో థోరియం కలిపారు. థోరియం రేడియోధార్మిక పదార్థం. దాని ధాటికే ఏళ్లు గడిచే కొద్దీ గాజు పసుపెక్కుతుంది. మామూలుగా వాడుకుంటే భయపడాల్సినంత ఏమీ లేదు, గాజుని అరగదీయడం లాంటి పిచ్చి పనులు చేయకపోతే చాలు. పసుపు పోవడానికి మందు ఎండలోని అతినీలలోహిత కాంతే. కొన్ని రోజులపాటు కిటికీ దగ్గర పెడితే తేటపడుతుంది. మన ఏప్రిల్ ఎండ దీనికి దివ్యంగా పనిచేస్తుంది, అయితే లెన్సు అంటే భూతద్దమని మర్చిపోకండి. కిందా వెనకా అల్యూమినియం రేకు చుట్టకుండా పెడితే కర్టెన్‌కి చిల్లు పడుతుంది.

ఇవన్నీ సరదా కబుర్లు. కోస్తా ఊళ్లలో ఉన్నవాళ్లకి అసలు శత్రువు బూజు. పచ్చళ్ల జాడీలో కనిపించేదాని చుట్టమే. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల గాల్లో చెమ్మ ఏడాదిలో ఎక్కువ రోజులు దానికి కావలసినంత ఉంటుంది. మావయ్య లెన్సు విప్పి, అపర్చర్ తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి ఓరగా వేసి చూశాను. ముందు గాజు లోపలి వైపు, అంచు నుంచి మధ్యకి, సాలెగూడు దారాల్లాంటి సన్నటి కొమ్మలు. మావయ్య చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సంచీలో పెట్టి భద్రంగానే దాచాను కదరా" అన్నాడు. ఆ సంచీయే కొంప ముంచింది. తోలు చెమ్మని పీల్చి పట్టుకుంటుంది, పైగా చీకటి, గాలి ఆడదు. కెమెరాని తోలు కేసులో భద్రంగా దాచడమంటే బూజుకి అద్దె లేకుండా ఇల్లు ఇవ్వడమే.

సన్నటి కొమ్మలు రెండు మూడు ఉంటే ఫొటోలో ఏమీ తెలియదు, ఎండకి ఎదురుగా తీస్తే తప్ప. తెలిసిన మెకానిక్ విప్పి తుడిస్తే పోతుంది కూడా. ఆలస్యమైతే అది వదిలే ఆమ్లం పూతని, ఆ పైన గాజుని తినేస్తుంది. అప్పుడు బూజు తుడిచినా దాని అచ్చు మిగిలిపోతుంది. ఒక లెన్సు నుంచి ఇంకోదానికి అంటుకుంటుందా అని అందరూ అడుగుతారు. దాని విత్తనాలు గాల్లో అంతటా ఉన్నవే, చెమ్మ దొరికిన చోట మొలుస్తాయి. అయినా బూజు పట్టినదాన్ని నేను విడిగానే పెడతాను. మూత బిగువుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అడుగున సిలికా జెల్, లోపల చెమ్మ చూపే చిన్న మీటరు ఉంటే సరిపోతుంది. ముల్లు 40 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉంటే నిశ్చింత. వారం వారం బయటికి తీసి నాలుగు ఫొటోలు తీస్తే ఇంకా మంచిది.

కొనేటప్పుడు ఆ టార్చి పరీక్ష తప్పనిసరి. ఇంకా అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందేమో చూడండి, రింగు తిప్పితే అవి చటుక్కున కదలాలి. హీలియోస్ 44-2లో మాత్రం కంగారు పడకండి, దానికి అపర్చర్ రింగులు రెండు. ఒకటి ఎంతవరకు మూయాలో ముందే నిర్ణయించేది, టక్ టక్‌మని ఆగుతుంది. రెండోది ఆగకుండా జారుతూ నిజంగా మూసేది. తెరిచి ఫోకస్ చేసుకుని, చూడకుండానే వేలితో మూసి, మీట నొక్కాలి. ఇది పాతకాలపు పద్ధతే గానీ అడాప్టర్ మీద ఇదే మేలు. తర్వాతి ఎం42 లెన్సుల్లో వెనక చిన్న పిన్ను ఉంటుంది, కెమెరా దాన్ని నొక్కితేనే రేకులు మూసుకుంటాయి. పిన్నుని నొక్కే అంచు అడాప్టర్‌లో లేకపోతే, లెన్సు మీద ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చే మీటా లేకపోతే, ఎప్పటికీ బార్లా తెరిచే ఉంటుంది.

లెన్సుతో ఆగక రీలు వేసే కెమెరానే కావాలంటే బ్యాటరీ సంగతి చూసుకోండి. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్‌ఎం2 లాంటివి బ్యాటరీ లేకపోయినా ఫొటో తీస్తాయి, బ్యాటరీ లైట్ మీటర్‌కే. కానన్ ఏఈ-1 షట్టర్‌కి బ్యాటరీ లేకపోతే ప్రాణం లేదు. ఒలింపస్ ఓఎం-1 మీటర్ 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి చేసింది, ఆ బ్యాటరీలు ఇప్పుడు నిషేధం. 1.5 వోల్టుల మామూలుది వేస్తే మీటర్ తప్పు చెబుతుంది. చెవి మిషన్‌కి వేసే 675 సైజు బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది, చిన్న రింగు పెట్టి అది వేసుకుంటే దాదాపు సరిపోతుంది. ఎక్కువ కాలం రాదు, చవక కదా.

డిజిటల్ ఎస్సెల్లార్‌లో చేత్తో ఫోకస్ చేయడం కష్టమని చాలామంది తమ కళ్లని నిందించుకుంటారు. కళ్లకి ఏమీ కాలేదు. పాత కెమెరా వ్యూఫైండర్ మధ్యలో రెండుగా చీలిన గుండ్రం ఉండేది. ఫోకస్ తప్పితే గుమ్మం నిలువు గీత అక్కడ విరిగి రెండు ముక్కలుగా కనిపించేది, రెండూ అతుక్కుంటే ఫోకస్ కుదిరినట్టు. ఆటోఫోకస్ వచ్చాక ఆ చీలిక తీసేసి నున్నటి తెర పెట్టారు. మిర్రర్‌లెస్‌లో బొమ్మని పెద్దది చేసుకుని చూడొచ్చు. అంచులకి ఎర్ర రంగు పూసే పీకింగ్ కంటే అదే నమ్మకం, ఎఫ్/2 దగ్గర పీకింగ్ కనుబొమ్మకీ కంటికీ తేడా చెప్పలేదు.

పోయిన సంక్రాంతికి సోనీ పట్టుకెళ్లాను. హీలియోస్ శుభ్రం చేయించాను, అంచున ఒక కొమ్మ అచ్చు మాత్రం ఉండిపోయింది. 27.46 మి.మీ. ఉండాల్సిన అడాప్టర్ వేసి మావయ్య చేతికిచ్చాను. మేడ మీదకి తనే ఎక్కాడు, ట్యాంకు వైపు తిప్పాడు. తెర మీద పెద్దది చేసి చూపిస్తే నిచ్చెన మెట్లు లెక్కపెట్టాడు. తర్వాత కళ్లద్దాలు పైకి జరిపి లెన్సు రింగు చూశాడు.

"గుర్తు దాకా రాకుండానే ఫోకస్ కుదిరిపోయిందేంట్రా?"

అనంతం అందకుండా పోతుందేమోనని చవక అడాప్టర్లని అవసరానికంటే ఒక వెంట్రుక పల్చగా కోస్తారని చెప్పాను.

"మొదటిసారీ అలా పల్చటిదే కొనాల్సింది" అన్నాడు.